సెలవులో సాగిన పని: తెలుగునాట విదేశీ మిషనరీల స్వదేశ పర్యటనలు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
పంతొమ్మిదో శతాబ్దంలో తెలుగు ప్రాంతాల్లో పనిచేసిన అమెరికన్, కెనడియన్, ఆంగ్ల మిషనరీలలో చాలామంది కొన్నేళ్లకొకసారి స్వదేశానికి వెళ్లి వచ్చేవారు. మిషన్ పరిభాషలో దీనికి ‘ఫర్లో’ అని పేరు. పేరుకిది విశ్రాంతి. అయితే నెల్లూరు మిషన్ కొనసాగడం, పల్నాటికి మిషన్ వైద్యం చేరడం, రామాపట్నం వేదాంత పాఠశాలకు మూలధనం సమకూరడం వంటి విషయాలు ఈ సెలవుకాలంలోనే, తెలుగునేలకు వేల మైళ్ల దూరంలో తేలాయి. ఆ నిర్ణయాలు జరిగిన సభల్లో తెలుగువారు లేరు. వారి గురించి చెప్పే మనిషి మాత్రమే ఉన్నాడు. ఈ రెండు అంశాల పరస్పర సంబంధాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మిషనరీలు, ఫర్లో, నెల్లూరు, ఒంగోలు, రామాపట్నం, పల్నాడు, కాకినాడ, నేటాల్ తెలుగువారు.

ప్రవేశిక:
తెలుగులో మిషనరీల గురించి జరిగిన చర్చ చాలావరకు వారు ఇక్కడ చేసిన పనుల చుట్టూ తిరుగుతుంది. నిఘంటువులు, వ్యాకరణాలు, అచ్చుయంత్రాలు, బడులు, ఆసుపత్రులు, మతాంతరీకరణ – ఇవే అందులో ప్రధానాంశాలు. వారు ఇక్కడ లేని కాలం మీద దృష్టి తక్కువ. “ఆరోగ్యం చెడి స్వదేశానికి వెళ్లారు, రెండేళ్ల తరువాత తిరిగి వచ్చారు” అన్న ఒక్క వాక్యంతో ఆ కాలం ముగిసిపోతుంది. నిజానికి ఆ వాక్యం మధ్యలో ఉన్న అర్ధవిరామంలోనే కొన్ని ఊళ్ల చరిత్ర మలుపు తిరిగింది.

ఫర్లో – మాట, ఏర్పాటు:
‘ఫర్లో’ డచ్చి భాష నుండి ఇంగ్లీషులోకి వచ్చిన మాట. మూలార్థం సెలవు, అనుమతి. మొదట సైనికులకు, తరువాత ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులకు ఇచ్చే దీర్ఘకాలిక సెలవుకు ఇది వాడుకలోకి వచ్చింది. మిషన్ సంఘాలు కూడా ఇదే మాటను స్వీకరించాయి. ఇప్పుడు తెలుగు పత్రికల్లో ఈ పదం ఖైదీల సెలవుకు సంబంధించి ఎక్కువగా కనిపించడం ఒక విచిత్రం.

తొలితరం మిషనరీలకు ఇది నియమబద్ధమైన హక్కు కాదు. శరీరం పూర్తిగా కూలిపోతే తప్ప స్వదేశం ఊసు ఎత్తేవారు కారు. ప్రయాణమే అందుకు ప్రధాన కారణం. తెలుగువారి కోసం అమెరికన్ బాప్టిస్టులు పంపిన తొలి మిషనరీ శామ్యూల్ డే 1835 సెప్టెంబరులో బోస్టన్‌లో ఓడ ఎక్కి 1836 ఫిబ్రవరిలో కలకత్తా చేరారు. వెళ్లి రావడానికే ఏడాదిలో ఎక్కువ భాగం సముద్రం మీద గడిచిపోయే రోజులవి. 1869లో సూయజ్ కాలువ తెరుచుకుని, ఆవిరి ఓడలు పెరిగిన తరువాతే ఈ పర్యటనలు ఒక క్రమానికి వచ్చాయి. కొడైకెనాల్ వంటి కొండ ఊళ్లలో వేసవి విడుదులు ఏర్పడడం కూడా, స్వదేశానికి వెళ్లకుండా ఒంటిని నిలబెట్టుకొనే ప్రయత్నంలో భాగమే.

వెళ్లకుండానే జీవితం ముగించినవారూ ఉన్నారు. 1841లో చర్చి మిషనరీ సొసైటీ తరఫున మచిలీపట్నం వచ్చిన రాబర్ట్ నోబుల్ 1865లో అక్కడే మరణించారు. మధ్యలో ఒక్కసారైనా ఇంగ్లండు వెళ్లలేదు. ఆయనతో పాటు వచ్చిన హెన్రీ వాట్సన్ ఫాక్స్ ఆరోగ్యం చెడి 1848లో స్వదేశం చేరి, అదే సంవత్సరం అక్కడ కన్నుమూశారు. ఒకే ఓడలో వచ్చిన ఇద్దరిలో ఒకరికి ఇల్లు మరణానికి ముందు మజిలీ అయింది, మరొకరికి జ్ఞాపకంగానే మిగిలింది.

స్వదేశం పరాయిదైపోవడానికి ఆ కాలంలో ప్రసిద్ధమైన ఉదాహరణ బర్మాలో పనిచేసిన అడోనిరామ్ జడ్సన్. 1812లో అమెరికా విడిచిన ఆయన 33 సంవత్సరాల తరువాత, 1845లో తొలిసారి, అదే చివరిసారిగా తిరిగి వెళ్లారు. దారిలో సెయింట్ హెలెనా దీవి వద్ద భార్య సారా మరణించింది. గొంతు దెబ్బతినడం వల్ల సభల్లో ఆయన మెల్లగా పలికిన మాటలను పక్కన నిలబడినవారు బిగ్గరగా తిరిగి చెప్పవలసి వచ్చింది. దశాబ్దాల పాటు బర్మీస్‌లోనే బోధించిన ఆయనకు మాతృభాషలో ఉపన్యసించడం కూడా సులభం కాలేదు. వినడానికి వచ్చిన వేలమంది కోరింది మాత్రం కథలే. ఈ కోరిక తరువాతి తరం మిషనరీల సెలవును పూర్తిగా మార్చివేసింది.

నెల్లూరు – ఒక్క మనిషి మాట మీద నిలిచిన మిషన్:
శామ్యూల్ డే విశాఖపట్నం, శ్రీకాకుళం, మద్రాసుల మీదుగా 1840లో నెల్లూరు చేరారు. అయిదారేళ్లలోనే ఆయన ఆరోగ్యం దెబ్బతిన్నది. సహచరుడు వాన్ హ్యూసెన్ అప్పటికే అస్వస్థతతో వెనుదిరిగారు. డే కూడా ఓడ ఎక్కడంతో నెల్లూరులో అమెరికన్ మిషనరీ ఎవరూ మిగలలేదు. 1849 వసంతకాలం దాకా అక్కడి పనిని స్థానిక సహాయకులే నడిపారు. మిషన్ చరిత్రల్లో ఈ మూడేళ్లకు దక్కిన చోటు మూడు వాక్యాలకు మించదు. దొర లేని కాలంలో ఏమీ జరగలేదన్న భావన ఆ మౌనంలో ఉంది. కాని డే తిరిగి వచ్చేసరికి అక్కడ చేపట్టడానికి ఒక మిషన్ మిగిలే ఉంది.

అమెరికాలో అదే సమయంలో అసలు ఈ మిషన్ అవసరమా అన్న ప్రశ్న తలెత్తింది. ఖర్చు ఎక్కువ, ఫలితం తక్కువ. పక్కనే ఉన్న బర్మాలో కరెన్ తెగలవారు వేలసంఖ్యలో క్రైస్తవంలో చేరుతుండగా నెల్లూరులో సభ్యుల్ని వేళ్ల మీద లెక్కించవచ్చు. సెలవులో ఉన్న డే స్వయంగా వాదించి కొనసాగింపు సాధించారు. 1848లో లైమన్ జ్యువెట్ దంపతులతో కలిసి తిరుగు ప్రయాణమయ్యారు. 1853లో ఆల్బనీ నగరంలో జరిగిన వార్షిక సభలో ఇదే ప్రశ్న మళ్లీ వచ్చింది. పటంలో మిషన్ కేంద్రాలను నక్షత్రాలతో గుర్తించగా, తెలుగుదేశానికి నెల్లూరు ఒక్కటే చుక్కగా కనిపించింది. శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ ఆ సందర్భంలో రాసిన గీతంతో ‘ఒంటరి నక్షత్రం’ అన్న పేరు ఈ మిషన్‌కు స్థిరపడిపోయింది. నెల్లూరు ప్రజలకు తమ ఊరికి ఇలాంటి పేరొకటి దూరదేశంలో పుట్టిందన్న సంగతి అప్పట్లో తెలిసే అవకాశం లేదు.

మూడోసారి, 1862లో, ప్రావిడెన్స్ నగర సభలో మూసివేత దాదాపు ఖాయమైంది. అయితే జ్యువెట్ అనారోగ్యంతో స్వదేశానికి వస్తున్నారనీ, ఆయన మాట వినేవరకు ఆగాలనీ కార్యదర్శి వారెన్ కోరారు. వచ్చిన జ్యువెట్ ఎవరూ ఊహించని మొండితనం చూపారు. సంఘం పంపకపోతే ఒంటరిగానైనా వెళ్తాననీ, తెలుగువారి మధ్యే చనిపోతాననీ ఆయన చెప్పారని మిషన్ చరిత్రలు నమోదు చేశాయి. అలాగైతే పాతిపెట్టడానికైనా తోడు ఒక మనిషిని పంపాలని వారెన్ చమత్కరించారట. అలా తోడుగా వచ్చిన యువకుడే జాన్ ఎవరెట్ క్లౌ. 1864 చివర బయలుదేరిన వారిద్దరూ 1865లో ఈ తీరం చేరారు. మరుసటి ఏడాది క్లౌ ఒంగోలులో స్థిరపడ్డారు.

ఈ సంఘటనను భక్తుని పట్టుదలకు నిదర్శనంగా చెప్పుకోవడం రివాజు. చరిత్ర దృష్టితో చూస్తే ఇందులో మరొక విషయం ఉంది. ఒక ప్రాంతంలో ఒక సంస్థ ఉండాలా వద్దా అన్నది ఆ ప్రాంతపు మనుషుల అవసరాన్ని బట్టి కాక, ఒక రోగి సరైన సమయానికి ఓడ దిగడాన్ని బట్టి తేలింది. జ్యువెట్‌కు మరికొన్ని నెలలు ఆరోగ్యం నిలిచి ఉంటే, సభ ఆయన లేకుండానే తీర్మానం చేసి ఉండేది.

హయ్యర్ – సెలవులో చదువు:
గుంటూరు లూథరన్ మిషన్ స్థాపకుడు జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ సెలవును మరొక విధంగా వాడుకున్నారు. 1842 జూలై 31న గుంటూరు చేరిన ఆయన నాలుగేళ్లు తిరక్కుండానే అమెరికాకు వెళ్లారు. బాల్టిమోర్‌లో ఒక సంఘానికి పాదిరిగా పనిచేస్తూనే వైద్యం అభ్యసించి 1847లో పట్టా పొందారు. అప్పటికి ఆయన వయసు 54. మరుసటి ఏడాది తిరిగి వచ్చి పల్నాటి వైపు పని విస్తరించారు. ఉపదేశకుడు రోగిని చూడలేని నిస్సహాయతను గుంటూరు వీధుల్లో అనుభవించిన మనిషి మాత్రమే ఆ వయసులో కుర్రవాళ్లతో కలిసి బల్ల మీద కూర్చోగలడు. ఆయన సెలవులో గుంటూరు కూడా ఆయనతో పాటే ప్రయాణం చేసిందనుకోవాలి.

1857లో ఆయన శాశ్వతంగా వెళ్లిపోయినట్లే అందరూ భావించారు. ఇంతలో అమెరికా అంతర్యుద్ధం మిషన్‌కు మనుషులనూ డబ్బునూ దూరం చేసింది. రాజమండ్రి కేంద్రాన్ని ఇంగ్లండుకు చెందిన చర్చి మిషనరీ సొసైటీకి అప్పగించే ఏర్పాటు జరిగింది. 1869లో పెన్సిల్వేనియాలోని రెడింగ్ పట్టణంలో జరిగిన లూథరన్ సభకు హయ్యర్ హాజరై, ఆ కేంద్రాన్ని వదులుకోవద్దనీ తాను బయలుదేరడానికి సిద్ధమనీ ప్రకటించారు. 76 ఏళ్ల వయసులో ఆ డిసెంబరులో రాజమండ్రి చేరారు. కొత్తవారికి పని అప్పగించి 1871లో వెనుదిరిగారు. నెల్లూరు విషయంలో జరిగినట్లే ఇక్కడా తెలుగు ఊరి భవితవ్యం గోదావరి గట్టున కాక అమెరికా సభామందిరంలో నిశ్చయమైంది.

ఒంగోలు, రామాపట్నం, కాకినాడ:
క్లౌ తరానికి వచ్చేసరికి సెలవు స్వరూపమే మారింది. 1872లో ఆయన స్వదేశం వెళ్లినప్పుడు చేతిలో స్పష్టమైన లెక్క ఉంది: రామాపట్నంలో మొదలైన వేదాంత పాఠశాలకు 50,000 డాలర్ల మూలధనం, కొత్తగా నలుగురు మనుషులు. ఊరూరా తిరిగి సంఘాల్లో ప్రసంగించి చందాలు పోగుచేయడమే ఆ రెండేళ్ల పని. 1873లో అమెరికా ఆర్థిక సంక్షోభంలో చిక్కుకుంది. బ్యాంకులు మూతపడుతున్న కాలంలో, ఎన్నడూ చూడని రామాపట్నం అనే సముద్రతీరపు ఊరి కోసం జనాన్ని ఒప్పించి డబ్బు పోగుచేయడం సామాన్యమైన విషయం కాదు. 1874లో తిరిగి వచ్చేసరికి ఆయన ఆ మొత్తాన్ని సాధించారు. దీన్ని విశ్రాంతి అనడం కష్టం.

ఈ పర్యటనకు ఎవరూ ముందుగా వేసుకోని మరొక ఫలితం కూడా ఉంది. క్లౌ లేని కాలంలో ఒంగోలు బాధ్యతను కెనడా నుంచి వచ్చిన జాన్ మెక్‌లారిన్ చూశారు. అదే సమయంలో కాకినాడలో తంతి శాఖ ఉద్యోగం చేసిన థామస్ గేబ్రియల్ అనే తెలుగు క్రైస్తవుడు సొంతంగా ఒక సంఘాన్ని నిలబెట్టి, అప్పుల్లో మునిగి, సహాయం కోసం మెక్‌లారిన్‌కు ఉత్తరాలు రాస్తున్నాడు. క్లౌ తిరిగి రావడంతో ఒంగోలు బాధ్యత నుంచి విడుదలైన మెక్‌లారిన్ 1874 మార్చిలో కాకినాడ చేరారు. కెనడియన్ బాప్టిస్టు మిషన్ అలా మొదలైంది. గేబ్రియల్ 1875 ఆరంభంలోనే మరణించాడు. మిషన్ కాలక్రమంలో స్థాపకుని స్థానం మెక్‌లారిన్‌కు దక్కింది. పునాది మాత్రం గేబ్రియల్‌ది. మెక్‌లారిన్ సహచరుడు టింపనీ 1876లో స్వదేశంలో ఉన్నప్పుడు చేసిన ప్రసంగాలు ఒంటారియోలో మహిళా మిషన్ సంఘాల ఏర్పాటుకు తోడ్పడ్డాయి. తెలుగునాట ఆడపిల్లల బడులకు, స్త్రీల వైద్యానికి తరువాత అందిన డబ్బులో ఇలాంటి మహిళా సంఘాల వాటా గణనీయమైనది.

వేదిక మీది తెలుగువారు:
చందా రావాలంటే కథ కావాలి. కథలో ఆపద ఉండాలి, రక్షించే చెయ్యి ఉండాలి, చివర ఒక అంకె ఉండాలి. మ్యాజిక్ లాంతరు చిత్రాలు వచ్చాక కంటికి కూడా ఆధారం దొరికింది. ఈ ప్రసంగాల్లో తెలుగు మనిషి చీకట్లో నిలబడి చేయి చాచిన ఆకారంగానే ఎక్కువగా కనిపిస్తాడు. ప్రసంగకర్తలందరూ అబద్ధం చెప్పారని దీని అర్థం కాదు. అరగంటలో జేబు తెరిపించవలసిన ప్రసంగానికి ఆ ఆకారమే సరిపోయింది.

ఒంగోలు ఉద్యమాన్నే తీసుకుందాం. 1876–78 కరవులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా గుత్తకు తీసుకొని వేలమందికి కూలి కల్పించారు. యవ్వనంలో అమెరికాలో భూమి కొలిచే సర్వేయరుగా పనిచేసిన అనుభవం ఇందుకు అక్కరకు వచ్చింది. కరవు తగ్గిన తరువాత, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ అంకె అమెరికాలో మారుమోగింది, క్లౌ పేరుతో ముడిపడిపోయింది. ఆ రోజు నీటిలో దిగి బాప్తిస్మం ఇచ్చినవారు మాత్రం ఆరుగురు ప్రచారకులు. ఇద్దరు చొప్పున వంతులవారీగా ఆ పని పూర్తిచేశారు. క్లౌ స్వయంగా ఎవరికీ ఇవ్వలేదు. అంతకు పన్నెండేళ్ల ముందే, 1866లో, ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ గురువు తానుగా మిషనరీలను వెతుక్కుంటూ వచ్చి క్రైస్తవం స్వీకరించి, తన చుట్టాల ఊళ్లలో బోధిస్తూ తిరిగాడు. 1878 నాటి జనసందోహానికి దారి వేసింది పేరయ్య వంటివారి కాలినడక. ఆ నడక అంకెలో కనిపించదు.

ఇందుకు భిన్నమైన రచన కూడా మిషన్ వర్గాల నుంచే వచ్చింది. క్లౌ రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన ‘వైల్ సూయింగ్ శాండల్స్’ గ్రంథం మాదిగల మౌఖిక కథనాలకు, వారిలో ఉన్న గురుపరంపరలకు, యోగసాధనకు చోటిచ్చింది. పేరయ్య క్రైస్తవంలోకి రిక్తహస్తాలతో రాలేదనీ, ఒక గురువు దగ్గర సాధన చేసిన మనిషిగా వచ్చాడనీ దీనివల్ల తెలుస్తుంది. పుస్తకంలో ఇమిడిన ఈ మనిషి చందా సభల వేదిక మీద ఇమడలేదు. ఇంగ్లీషులోనే నిలిచిపోయిన ఈ ఆధారాలను మాదిగ సాహిత్య, సాంస్కృతిక చరిత్రతో కలిపి చదవవలసిన అవసరం ఉంది.

వేదిక మీదికి ఇక్కడివారి గొంతు చేరడానికి ఇరవయ్యో శతాబ్దం రావలసి వచ్చింది. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వి.ఎస్. అజరయ్య విదేశీ మిషనరీలకూ భారతీయ సేవకులకూ మధ్య ఉన్న దూరాన్ని నిలదీశారు. వారి నుంచి కోరుకునేది ధనమో త్యాగమో కాదు, స్నేహం అన్నది ఆయన మాటల సారాంశం. సభలో కొందరికి ఆ మాటలు రుచించలేదు. అజరయ్య తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. అక్కడి క్రైస్తవులు 1903లో సొంతంగా స్థాపించుకున్న సంఘం తరఫున తెలుగునేల మీది దోర్నకల్లుకు వచ్చినవారు. అంటే దోర్నకల్లులో ఆయన కూడా ఒక విధంగా ఇల్లు విడిచి వచ్చిన మిషనరీయే. తెలుగు నేర్చుకొని పనిచేసిన మనిషి ఆ వేదిక మీద నిలబడడం వల్ల మాటకు బలం చేకూరింది.

సెలవు ముగిసిన రేవు:
స్వదేశ పర్యటనలో అందరూ తప్పించుకోవాలని చూసిన ఘట్టం ఒకటుంది. అది తిరుగు ప్రయాణపు రోజు. పిల్లలను చదువుల కోసం స్వదేశంలో విడిచి తల్లిదండ్రులు మాత్రమే ఓడ ఎక్కేవారు. మసాచుసెట్స్‌లోని న్యూటన్ సెంటర్ వంటి చోట్ల మిషనరీల పిల్లల కోసం ప్రత్యేక వసతిగృహాలు నడిచాయి. మళ్లీ చూసేసరికి ఏడెనిమిదేళ్లు గడిచి, పిల్లలు తల్లిదండ్రులను గుర్తుపట్టలేని స్థితి. నెల్లూరులోనో ఒంగోలులోనో పుట్టి, ఆయాల ఒడిలో తెలుగు మాటలతో పెరిగిన పిల్లలకు ‘స్వదేశం’ ఏది? తల్లిదండ్రులు ఇంటికి వెళ్తున్నామనుకున్న ఓడ వారికి ఇల్లు విడిచే ఓడ. నివేదికల్లో ఆరోగ్యం గురించి, నిధుల గురించి పేరాలకొద్దీ ఉంటుంది. ఈ విషయం అందులో ఒక పంక్తికి మించి ఉండదు.

నెల్లూరు నుంచి నేటాల్‌కు:
1903లో ఈ ప్రయాణపు దిశ తిరగబడింది. తెలుగు బాప్టిస్టు హోమ్ మిషన్ సొసైటీ నెల్లూరు ప్రాంతానికి చెందిన జాన్ రంగయ్యను కుటుంబంతో సహా దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు పంపింది. కియర్స్‌నీ తేయాకు తోటల్లో ఒప్పంద కూలీలుగా ఉన్న తెలుగువారి మధ్య ఆయన పని మొదలైంది. సముద్రం దాటి వెళ్లే పనికి ‘హోమ్ మిషన్’ అని పేరుండడం ఆలోచింపజేస్తుంది. ఎక్కడున్నా తెలుగువారు తమ ఇంటివారే అన్న భావన ఆ పేరులో వినిపిస్తుంది. మూసేద్దామని మూడుసార్లు తర్కించుకున్న మిషన్, యాభై ఏళ్లు తిరిగేసరికి తానే ఒక మిషనరీని విదేశానికి పంపింది.

రంగయ్య పనిచేసిన తోటల్లో మరొక రకమైన స్వదేశయానం గురించిన మాటలు నడుస్తుండేవి. అయిదేళ్ల ఒప్పందం ముగిసి, మరో అయిదేళ్లు అక్కడే ఉన్న కూలీకి ఊరికి వెళ్లడానికి ఉచిత ఓడ ప్రయాణం హక్కుగా ఉండేది. అయితే అది వెళ్లి రావడానికి కాదు, వెళ్లిపోవడానికి. ఒప్పందం ముగిసినా వెళ్లకుండా, మళ్లీ కూలి ఒప్పందానికి ఒప్పుకోకుండా ఉండదలచినవారి మీద నేటాల్ ప్రభుత్వం 1895 చట్టం ద్వారా ఏటా మూడు పౌన్ల పన్ను విధించింది. మిషనరీని ఇంటికి పంపే సంఘం అతని తిరుగు ప్రయాణానికి చందాలు పోగుచేసేది. కూలీని ఇంటికి పంపే ప్రభుత్వం అతడు తిరిగి రాకుండా చూసుకునేది. కియర్స్‌నీలో రంగయ్య మాటలు విన్నవారిలో గోదావరి, విశాఖ, నెల్లూరు సీమల నుంచి వచ్చి, ఈ రెండు దారుల మధ్య తేల్చుకోలేక మిగిలిపోయినవారు ఎందరో ఉండేవారు. రంగయ్య కూడా 1915లో ఆ నేల మీదే కన్నుమూశారు.